మగ్గం దెబ్బ పడకముందే తెర వెలగాలి: బరంపురంలో ఒక ధ్వని–వీడియో ప్రదర్శన, కేస్ స్టడీ

గంజాం జిల్లా బరంపురంలో తెలుగు మాట్లాడే నేత కుటుంబం ఇల్లు. లోపలి గదిలో గుంట మగ్గం, దాని మీద పట్టు పడుగు. మగ్గానికి పక్కగా జముకు (తంతి ఉన్న చర్మవాద్యం) వాయించే కళాకారుడు, వెనక తెల్లబట్ట తెర. వసారా కలుపుకుంటే 40 మంది కూర్చునే చోటు, ఆఖరి వరస మగ్గానికి 9 మీటర్ల దూరం. ప్రదర్శన నిడివి 22 నిమిషాలు. రూపొందించిన కళాకారిణి షరతు ఒక్కటే: మొదట్లో వచ్చిపోయే కొన్ని అక్షరాలు తప్ప, ముందే రికార్డు చేసిన శబ్దంగానీ బొమ్మగానీ ఒక్కటీ ఉండకూడదు. వినబడేదీ కనబడేదీ ఆ గదిలో, ఆ క్షణంలో మగ్గం నుంచో జముకు నుంచో పుట్టాలి.

చెప్పడానికి తేలికే. నేతగాడు పన్నెని (పేక పోగుని బట్టలోకి నెట్టే దువ్వెన లాంటిది) లాగి కొట్టినప్పుడు, ఆ దెబ్బ చెవికి తగిలిన క్షణానే తెర మీద వెలుగు పడాలి. ఈ ఒక్క పనికి పట్టిన సమయం మిగతా అన్ని పనులకీ కలిపి పట్టలేదు. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం దాని గురించే.

మగ్గం లయ గడియారం లయ కాదు

బరంపురం పట్టులో అంచుకీ ఒంటికీ వేరు వేరు నాడెలు (పేక పోగుని అటూ ఇటూ దాటించేవి), మొత్తం మూడు. ఒక పక్క అంచు నాడెని సహాయకుడు అందుకుంటాడు. మూడు నాడెలూ దాటాకే పన్నె దెబ్బ. అందుకని దెబ్బకీ దెబ్బకీ మధ్య వ్యవధి నిలకడగా ఉండదు. సుమారు 5 సెకన్లు అనుకుంటే ఒకసారి 4, ఒకసారి 7. పోగు తెగితే నిమిషం. తాళం వేగాన్ని ముందే కట్టేసి దానికి వీడియోని నడిపే మామూలు పద్ధతి ఇక్కడ మొదటి నిమిషంలోనే విడిపోతుంది. సాఫ్ట్‌వేరు తాళాన్ని అంచనా కట్టే ప్రయత్నం కూడా వద్దు. ప్రతి దెబ్బనీ విడిగా పట్టుకోవాల్సిందే.

చెక్క లోపలి చప్పుడు

గాలిలో పెట్టిన మైకు వీధిలో వెళ్ళే ఆటోని కూడా వింటుంది. అందుకే చెక్కకి అంటించే పియెజో డిస్కులు (చెక్క అదురుని విద్యుత్ సిగ్నల్‌గా మార్చేవి), 27 మిల్లీమీటర్లవి, మూడు. ఒకటి పన్నె బిగించిన ఊగే చట్రం కింది చెక్కకి, రెండోది ముందు గుంజకి, మూడోది గుంట అంచున తొక్కుడు కర్రల దగ్గర.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. డిస్కుని తెచ్చి నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చేస్తారు. ఈ సైజు డిస్కు కెపాసిటెన్స్ దాదాపు 20 నానోఫారడ్. లైన్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ 10 కిలో ఓములయితే రెండూ కలిసి 800 హెర్ట్జ్‌కి కిందున్నదంతా కోసేస్తాయి. మైక్ ఇన్‌పుట్ 2 కిలో ఓములయితే కోత 4000 హెర్ట్జ్ దాకా పోతుంది. మగ్గం దెబ్బలో దమ్మంతా 200 హెర్ట్జ్ లోపే ఉంటుంది. అది పోయాక మిగిలేది రేకు డబ్బా మీద గోరు గీకినట్టుండే చప్పుడు. ఈక్వలైజర్‌తో బేస్ పెంచినా రాదు, హమ్ మాత్రం పెరుగుతుంది. 1 మెగా ఓము ఇన్‌పుట్ ఇస్తే కోత 8 హెర్ట్జ్‌కి దిగుతుంది. ఆడియో ఇంటర్‌ఫేస్‌లో గిటార్ కోసం ఉండే ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ ఇందుకు సరిపోతుంది. అలాంటివి రెండే ఉంటే మూడో డిస్కుకి టీఎల్‌072 చిప్‌తో, 9 వోల్టుల బ్యాటరీతో చిన్న బఫర్ కట్టుకోవచ్చు.

కేబుల్ పొడవైతే సిగ్నల్ పడిపోతుందని చాలామంది భయం. మీటరుకి 100 పికోఫారడ్ ఉండే కేబుల్ 20 నానోఫారడ్ల డిస్కుని ఏమీ చేయలేదు. అసలు బెడద రెండు: కేబుల్ కదిలితే అదే చప్పుడు చేస్తుంది, షీల్డు సరిగా లేకపోతే 50 హెర్ట్జ్ హమ్ పట్టుకుంటుంది. చట్రం మీది డిస్కు ప్రతి దెబ్బకీ ముందుకీ వెనక్కీ ఊగుతుంది కాబట్టి దాని కేబుల్‌ని పై దూలం నుంచి వదులుగా వేలాడదీసి, చట్రం మీద రెండు చోట్ల నూలుదారంతో కట్టాలి. డిస్కు ఇత్తడి వైపు చెక్కకి, షీల్డు ఇత్తడికి. పైన ఇన్సులేషన్ టేపు, దాని మీద రాగి టేపు వేసి దాన్నీ షీల్డుకే కలపాలి.

అంటించడానికి హాట్ గ్లూ వద్దు. తరాల నాటి చెక్క, నూనె పీల్చి నున్నబడి ఉంటుంది. గ్లూ ఊడేటప్పుడు పెచ్చుతో సహా వస్తుంది. రెండు వైపులా అంటుకునే పల్చటి టేపు, దాని మీదుగా దారంతో రెండు చుట్లు. బరంపురానికి గోపాలపూర్ సముద్రం దగ్గరే. ఉక్కపోత రోజుల్లో, పైగా గుంట దగ్గర తేమకి, ఉత్త టేపు గంటలో ఊడుతుంది. పన్నెకీ పడుగుకీ దరిదాపుల్లో జిగురన్నదే ఉండకూడదు.

మగ్గం జముకు శ్రుతిలో మోగడం

సంగీతపరంగా ఈ పనికి కీలకం ఇది. జముకులో చర్మం మధ్యలోంచి వచ్చే తంతిని లాగి పట్టి మీటుతారు. బిగువు మారిన కొద్దీ శ్రుతి జారుతుంది. ఆ జారే శ్రుతిని ప్యూర్ డేటా సాఫ్ట్‌వేర్‌లో పట్టుకుని, ఆరు రెజొనెంట్ ఫిల్టర్లని (ఒక్కో శ్రుతి దగ్గరే మోగేవి) దానికి బిగించారు. మగ్గం దెబ్బ ఆ ఫిల్టర్లలోంచి పోతుంది. చెక్క దెబ్బే, కానీ జముకు ఆ క్షణాన ఏ శ్రుతిలో ఉంటే ఆ శ్రుతిలో మోగుతుంది. 110 హెర్ట్జ్ దగ్గర ఫిల్టర్ క్యూ విలువ (మోత ఎంతసేపు నిలవాలో తేల్చే అంకె) 150 పెడితే మోత ఆరడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. 5 సెకన్లకో దెబ్బ పడే మగ్గానికి ఇది సరిగ్గా కుదురుతుంది. 400 పెడితే ఒక దెబ్బ ఆరకముందే ఇంకోటి వచ్చి అంతా ముద్దవుతుంది.

శ్రుతి పట్టడానికి 48 కిలోహెర్ట్జ్ దగ్గర 2048 శాంపిళ్ళ కిటికీ, అంటే 43 మిల్లీసెకన్లు. చిన్నది పెడితే కింది స్వరాల్లో తడబడి ఒక్కసారిగా ఒక స్థాయి (ఆక్టేవ్) పైకి దూకుతుంది. ఫిల్టర్ శ్రుతి మారడానికే వాడుతున్నాం కాబట్టి ఈ ఆలస్యం చెవికి తెలీదు.

ఆలస్యాల లెక్క

మొదటి రిహార్సల్లో కెమెరా పడుగుని పైనుంచి చూస్తోంది, ఆ బొమ్మే తెర మీద. ఇంటి పెద్దాయన రెండు దెబ్బలు కొట్టి ఆగారు. "ఏటి బాబూ, నేనిక్కడ కొడితే అక్కడ ఇంకెప్పుడో పడతంది?" అన్నారు. కొలిస్తే ఆయన చెప్పిందే నిజం.

కొలిచే పద్ధతి తేలిక. మగ్గం, తెర రెండూ ఒకే ఫ్రేములో వచ్చేలా ఫోన్‌లో 240 ఫ్రేముల స్లో మోషన్ తీయాలి. ఒక్కో ఫ్రేము 4.17 మిల్లీసెకన్లు. పన్నె బట్టకి తగిలిన ఫ్రేము నుంచి తెర మీద అదే తగిలే ఫ్రేము దాకా లెక్కపెట్టాలి. 34 ఫ్రేములు వచ్చాయి, అంటే 142 మిల్లీసెకన్లు. కెమెరా, క్యాప్చర్ డాంగిల్, సాఫ్ట్‌వేర్, ప్రొజెక్టర్ తలా కొంత తిన్నాయి.

శబ్దం దారి చాలా పొట్టి. 128 శాంపిళ్ళ బఫర్‌తో లోపలికీ బయటికీ కలిపి 9 మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం మీటరుకి సుమారు 2.9 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, కాబట్టి 9 మీటర్ల దూరాన కూర్చున్నవాళ్ళకి ఇంకో 26. ఆఖరి వరసకి శబ్దం 35కి, బొమ్మ 142కి చేరాయి. తేడా 107. ముందు వరసలో ఇంకా ఎక్కువ.

టీవీ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికాం సంఘం ఐటీయూ ఇచ్చిన సిఫార్సు ప్రకారం శబ్దం బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి పసిగడతాడు. వెనకబడితే మాత్రం 125 దాకా పట్టించుకోడు. ఈ రెండంకెలూ సమానంగా లేకపోవడమే ఈ పనికి ఆయువుపట్టు. పిడుగు మెరిసాక ఉరమడం మనకి అలవాటే. ఉరిమాక మెరవడం ఎప్పుడూ చూడం.

అందరికీ తోచే మందు శబ్దాన్ని కూడా 100 మిల్లీసెకన్లు ఆపడం. హాల్లో రికార్డు వేస్తే అది పని చేస్తుంది. ఇక్కడ అసలు మగ్గమే గదిలో ఉంది, దాని దెబ్బ స్పీకర్ లేకుండానే వినిపిస్తుంది. స్పీకర్లోంచి 100 మిల్లీసెకన్ల తర్వాత మళ్ళీ వస్తే రెండు దెబ్బలు. పైగా నేతగాడికి తన దెబ్బ ఆలస్యంగా వినపడితే చెయ్యి తడబడుతుంది, పదో దెబ్బకే లయ ఈడ్చుకుపోతుంది. ఈ దారి మొదటి రోజే వదిలేశారు.

వాద్యంతో వీడియోని నడపడం కొత్తేమీ కాదు. స్టైనా వసుల్కా 1970ల్లోనే వయొలిన్ సిగ్నల్‌తో తెర మీది గీతలని వంచారు. అప్పటి అనలాగ్ పరికరాల్లో సిగ్నల్ వచ్చిన క్షణానే గీత వంగేది. ఈ ఆలస్యం ఫ్రేములని మెమరీలో దాచుకునే డిజిటల్ యంత్రాలతో వచ్చిన జబ్బు.

దెబ్బ కంటే ముందు చట్రం కదులుతుంది

పరిష్కారం మగ్గంలోనే ఉంది. దెబ్బ హఠాత్తుగా పడదు; చట్రం వెనకనుంచి ఊగుతూ వచ్చి బట్ట అంచుకి తగులుతుంది. ఆ రాకని ముందే చూస్తే ఆలస్యానికి సరిపడా సమయం చేతికొస్తుంది.

చట్రం పక్క కర్రకి 10 మిల్లీమీటర్ల నియోడిమియం అయస్కాంతం కట్టారు. ఎదురుగా కదలని గుంజకి ఒక చెక్క బద్ద, దాని మీద రెండు ఏ3144 హాల్ సెన్సర్లు (అయస్కాంతం దగ్గరికొస్తే పలికేవి): దెబ్బ పడే చోటుకి 120 మిల్లీమీటర్ల ముందొకటి, 100 మిల్లీమీటర్ల ముందొకటి. అయస్కాంతం సెన్సర్లకి 5 మిల్లీమీటర్ల దూరంలో పోవాలి. ఈ సెన్సరు ఒక ధ్రువానికే పలుకుతుంది, తిప్పి కడితే మౌనం. ఔట్‌పుట్‌కి 10 కిలో ఓముల పుల్-అప్ రెసిస్టరు మరిచిపోవద్దు. రెండింటినీ ఆర్డుయినో ప్రో మైక్రో చదివి యూఎస్‌బీ మిడిగా (సంగీత పరికరాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే సంకేతాలుగా) పంపుతుంది. ఊనో ఆర్3 బోర్డు నేరుగా మిడి పరికరంగా కనబడదు. వైఫై బోర్డులు వద్దు, 40 ఫోన్లున్న గదిలో వాటి ఆలస్యం ఎప్పుడెంతో చెప్పలేం.

రెండు సెన్సర్ల మధ్య 20 మిల్లీమీటర్లు దాటడానికి 20 మిల్లీసెకన్లు పడితే వేగం సెకనుకి 1 మీటరు. అంటే మిగిలిన 100 మిల్లీమీటర్లకి 100 మిల్లీసెకన్లు. కెమెరా లేకుండా, సెన్సరు నుంచి తెర దాకా వెలుగు చేరడానికి కొలిస్తే 60. మిగిలిన 40 సాఫ్ట్‌వేర్ ఆగుతుంది, ఆ తర్వాత వెలుగు పంపుతుంది. నడి వరసకి శబ్దం చేరే 13 మిల్లీసెకన్లని కలపలేదు. కావాలనే. వెలుగు కాస్త ముందైతే ఫరవాలేదు, వెనకైతే పట్టుబడతాం.

రెండు తప్పులు రిహార్సల్లో బయటపడ్డాయి.

మొదటిది: నేసిన కొద్దీ బట్ట అంచు పన్నె వైపు జరుగుతుంది. ఈ పట్టులో సెంటీమీటరుకి 25 పేక పోగులు, అంటే దెబ్బకి 0.4 మిల్లీమీటర్లు. 100 దెబ్బలకి 40 మిల్లీమీటర్లు. చట్రం అంత ముందే తగులుతుంది, సాఫ్ట్‌వేర్ మాత్రం పాత దూరమే అనుకుంటుంది. పది నిమిషాల్లోపే వెలుగు 40 మిల్లీసెకన్లు వెనకబడింది. ఎందుకో అర్థంకాక ప్రొజెక్టర్ కేబుళ్ళు మార్చడంలో ఒక సాయంత్రం పోయింది. చివరికి సాఫ్ట్‌వేర్ ప్రతి దెబ్బనీ లెక్కపెట్టి దూరంలోంచి 0.4 తీసేసేలా రాశారు. నేతగాడు బట్ట చుట్టినప్పుడు సహాయకుడు ఫుట్‌స్విచ్ తొక్కితే లెక్క సున్నాకి వస్తుంది. 22 నిమిషాల్లో పడే దెబ్బలు 260 లోపు. సుమారు 50 దెబ్బలకోసారి చుట్టమని అడిగారు. మామూలు నేతలో అంత తరచుగా చుట్టరు.

రెండోది: పడుగు పోగులు విడదీయడానికి నేతగాడు ఒక్కోసారి చట్రాన్ని సగం దాకా లాగి వదిలేస్తాడు. సెన్సర్లు దాటుతుంది, దెబ్బ పడదు, తెర ఊరికే వెలుగుతుంది. అందుకని వెలుగుని రెండు మెట్లు చేశారు. సెన్సరు మాట మీద 30 శాతం, డిస్కు దెబ్బని రూఢి చేశాక నిండుగా. 200 మిల్లీసెకన్లలో రూఢి కాకపోతే ఆరిపోతుంది. ఆ మసక వెలుగు ఊపిరిలా వచ్చిపోవడం చూసి కళాకారిణి దాన్ని దాచకుండా ఇంకొంచెం పెంచమన్నారు. చట్రం వెనక్కి పోయేటప్పుడు సెన్సర్లు తారుమారు వరసలో పలుకుతాయి కాబట్టి దాన్ని వదిలేయడం తేలికే.

ఇదే సెన్సరు ఇంకో రోగానికీ మందయింది. 3 సెకన్లు మోగే ఫిల్టర్లు, అదే గదిలో స్పీకర్లు, నేలలో పాతిన గుంజలకి డిస్కులు. ఫీడ్‌బ్యాక్‌కి బొట్టుపెట్టి పిలిచినట్టే. స్పీకర్లని స్కూటర్ ట్యూబుల మీద నిలబెడితే నేల గుండా వచ్చేది సగం తగ్గింది. మిగతాది గేటుతో పోయింది: చట్రం సెన్సరు దాటినప్పుడే డిస్కు నుంచి ఫిల్టర్లకి దారి తెరుచుకుంటుంది, దెబ్బ పడిన 150 మిల్లీసెకన్లకి మూసుకుంటుంది. మామూలు గేటు శబ్దం వచ్చాక తెరుచుకుంటుంది కాబట్టి దెబ్బ మొదటి అంచు నలుగుతుంది. ఇది ముందే తెరిచి ఉంటుంది. నాడెల సన్నటి చప్పుడు రెండో డిస్కు నుంచి, ఫిల్టర్లు లేకుండా, తక్కువ స్థాయిలో.

కెమెరా, తెర, కరెంటు

కెమెరాని తీసేయలేదు, దాని పని మార్చారు. అది పడుగుని చూస్తుంది, ఆ బొమ్మని సాఫ్ట్‌వేర్ నాలుగు సెకన్లు సాగదీసి తన మీదే పొరలుగా వేస్తుంది. అంత నెమ్మదైన బొమ్మలో 142 మిల్లీసెకన్లు ఎవరికీ కనబడవు. షట్టర్ 1/50 లేదా 1/100 మాత్రమే. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైటు, చవక ఎల్‌ఈడీ బల్బు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. 1/60 పెడితే తెర మీద నల్లటి పట్టీలు పాకుతాయి.

ప్రొజెక్టర్ 3200 ల్యూమెన్లు, తెర 2.5 మీటర్లు × 1.4 మీటర్లు. తెర మీద తెల్ల వెలుగు 900 లక్స్ చిల్లర వస్తుంది. ముదురు రంగుల్లో అందులో చాలా పోతుంది, కాబట్టి దెబ్బ వెలుగు తెలుపే. పల్చటి పంచె బట్ట వెనకనుంచి వేస్తే లెన్సు సూర్యుడిలా కనబడింది. ముందునుంచి, దూలం మీద నుంచి వేశారు.

మొదట్లో తెర మీద తెలుగు, ఒడియా అక్షరాలు కొన్ని వచ్చి పోవాలి. చాలా వీడియో సాఫ్ట్‌వేర్ల టెక్స్ట్ మాడ్యూళ్ళు మన లిపులని కూర్చలేవు, ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. అక్షరాలని వేరేచోట కూర్చి పారదర్శక బొమ్మలుగా దాచుకోవాలి. పదిహేను నిమిషాల పని, కానీ ప్రదర్శన రోజున కనిపెడితే గంట.

మొత్తం లోడు సుమారు 600 వాట్లు. కరెంటు పోయినా, 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీని సగమే వాడుకున్నా గంటకి పైగా నడుస్తుంది. ఇన్వర్టరు ప్యూర్ సైన్‌దే కావాలి. స్క్వేర్ వేవ్‌ది డిస్కుల్లో జుయ్యిమంటుంది. ల్యాప్‌టాప్ చార్జరు తీసేస్తే మిగిలిన హమ్ కూడా పోయింది, ప్రదర్శనంతా దాన్ని సొంత బ్యాటరీ మీదే నడిపారు. హమ్ తగ్గుతుందని ప్లగ్గు ఎర్త్ పిన్ను పీకేవాళ్ళున్నారు. తడి నేల, గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి; ఆ పని ఎవరూ చేయకూడదు.

మగ్గం ఖాళీ అయ్యే రోజు

పడుగు తరచుగా ఆ ఇంటిది కాదు, నూలు ఇచ్చిన మాస్టర్ వీవర్‌ది. ఇంటివాళ్ళు ఒప్పుకుంటే చాలదు, ఆయన్నీ అడగాలి. అమరికకి రెండు రోజులు, రిహార్సళ్ళకి మూడు, ప్రదర్శనకి ఒకటి. ఆరు రోజులు ఇద్దరి కూలీ, పోయే పట్టు ఖరీదు ముందే లెక్కకట్టి ఇచ్చేయాలి.

రిహార్సళ్ళలో పేక వేయకుండా ఉత్తినే కొడితే కొలతలన్నీ తప్పుతాయి. కొత్త పోగు లేకుండా పన్నె బట్టకి తగిలే చప్పుడు పొడిగా, పైస్థాయిలో ఉంటుంది. దానికి బిగించిన థ్రెషోల్డు (దెబ్బగా లెక్కించే కనీస స్థాయి) అసలు రోజున పలకదు. పేక వేసే నేయాలి.

జనం చూస్తుంటే చెయ్యి ఒకసారి బరువుగా, ఒకసారి తేలికగా పడుతుంది. దెబ్బ మారితే బట్టలో అడ్డంగా చార కనబడుతుంది, ఆ చీరని కొనేవాళ్ళు వంక పెడతారు. అందుకే ప్రదర్శన తేదీని మగ్గమే నిర్ణయించింది: ఒక చీర పూర్తయి, తర్వాతది మొదలుపెట్టే ముందు. ఆ మధ్య పడుగులో 22 నిమిషాలకి పది సెంటీమీటర్ల చిల్లర బట్ట వచ్చింది. మర్నాడు పొద్దున డిస్కులు విప్పి, చెక్క మీద టేపు జిగురుని కొబ్బరినూనె గుడ్డతో తుడిచాక, నేతగాడు ఆ ముక్కని కత్తిరించి పక్కన పెట్టి కొత్త చీర అంచు మొదలుపెట్టారు. ముక్కలో నాలుగు చారలున్నాయి. సాఫ్ట్‌వేర్ దాచిన దెబ్బల వేగాల పట్టికతో పోల్చి చూస్తే, నాలుగూ జముకు ఒక్కసారిగా శ్రుతి పెంచిన చోట్లే పడ్డాయి.